గర్భసంచి మూతి క్యాన్సర్ టీకా: ఆడపిల్లలకేనా, మగపిల్లలకు కూడానా?

ఈ నెల గోడపత్రికలో ఆరోగ్యం శీర్షిక నాకు ఇచ్చారు. పోయిన నెల ఎనిమిదో తరగతి వాళ్ళు మలేరియా గురించి దోమ బొమ్మ వేసి చాలా బాగా రాశారు. నాకు బొమ్మలు రావు. నేను ఒక టీకా గురించి రాస్తున్నాను. పైన పేరు చూసి అబ్బాయిలు నవ్వుకుంటూ పక్క కాగితం దగ్గరికి పోవద్దు. ఇది మీ పాఠం కూడా.

ముందుగా జబ్బు ఏమిటో తెలుసుకుందాము. ఆడవాళ్ళ గర్భసంచి కింది భాగం సన్నగా, సీసా మూతి మాదిరిగా ఉంటుంది. దానిని పుస్తకంలో గర్భాశయ ముఖద్వారం అని రాస్తారు. మన ఊళ్ళల్లో గర్భసంచి మూతి అంటారు. అక్కడి కణాలు అదుపు లేకుండా పెరిగితే అదే ఈ క్యాన్సర్. 2022వ సంవత్సరంలో మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేల మంది ఆడవాళ్ళకు ఇది కొత్తగా వచ్చింది. సుమారు 80 వేల మంది చనిపోయారు. 80 వేలను 365తో భాగిస్తే రోజుకు 219 మంది వస్తారు. దానిని మళ్ళీ 24తో భాగించాను. గంటకు తొమ్మిది మంది. మనం సాయంత్రం స్టడీ అవర్ మొదలుపెట్టి లేచేలోపు తొమ్మిది మంది అమ్మలు.

ఈ క్యాన్సర్ దాదాపు అన్నిసార్లూ ఒక వైరస్ వల్లనే వస్తుంది. దాని పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్. పొట్టిగా హెచ్.పి.వి. అంటారు. ఇందులో వందకు పైగా రకాలున్నాయి. వాటికి పేర్లు పెట్టకుండా నంబర్లు ఇచ్చారు, మన అడ్మిషన్ నంబర్ల లాగా. 6, 11 నంబర్లవి పులిపిర్లు తెస్తాయి. 16, 18 నంబర్లవి ప్రమాదకరమైనవి. ప్రపంచంలో గర్భసంచి మూతి క్యాన్సర్లు నూటికి 70 ఈ రెండింటి వల్లనే. హెరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు 1983లో 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని ఈ క్యాన్సర్‌లో కనుగొన్నాడు. మొదట చాలామంది నమ్మలేదంట. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో బాల్టిమోర్ పట్టణంలో 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి ఆమె ఈ జబ్బుతోనే చనిపోయింది. వయసు 31. పొగాకు పొలంలో పని చేసిన మనిషి. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వైద్యం చేసేటప్పుడు డాక్టర్లు ఆమె గడ్డలోంచి ఒక ముక్క తీసి ప్రయోగశాలకు పంపారు. ఆమెను అడగలేదు. ఆ కణాలు చావలేదు, ఇప్పటికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఎన్నో మందులు వాటి మీదనే పరీక్షించారు. జుర్ హౌసెన్ గారి బృందం 18వ రకం వైరస్‌ను ఆ కణాల్లో కూడా చూసింది. ఆమె ఇంటివాళ్ళకు మాత్రం ఇరవై ఏళ్ళ దాకా ఎవరూ ఏమీ చెప్పలేదు. సైన్స్ సారు ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో అందరం ఊరకుండిపోయాము. అడగకుండా తీసుకోవడం ఎక్కడో దూరదేశంలో జరిగిన ముచ్చట అని అప్పుడు అనుకున్నాము. మన జిల్లా సంగతి కింద వస్తుంది.

హెచ్.పి.వి. ఎలా అంటుకుంటుంది? గాలిలో రాదు, నీళ్ళలో రాదు, ఒకే కంచంలో తింటే రాదు. ఆడ మగ కలయికలో, చర్మానికి చర్మం తగిలినప్పుడు అంటుకుంటుంది. జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు తల దించుకునే వాళ్ళు ఇక్కడ కూడా దించుకుంటారు, నాకు తెలుసు. కాని రాయక తప్పదు. పెళ్ళయిన వాళ్ళల్లో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది అంటుకునే ఉంటుంది. పది మందిలో తొమ్మిది మందికి ఒకటి రెండు సంవత్సరాల్లో దానంతట అదే పోతుంది. పోకుండా లోపలనే ఉండిపోయిన కొద్దిమందిలో 15, 20 సంవత్సరాల తరువాత క్యాన్సర్‌గా మారవచ్చు. ఇంతకాలం ఆ మనిషికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మగవాళ్ళకైతే ఏ గుర్తూ ఉండదు. వాళ్ళకు తెలియకుండానే మోస్తుంటారు.

మా ఊళ్ళో ఒక పెద్దమ్మకు నెలసరి ఆగిపోయిన తరువాత కూడా రక్తం పోతుండేది. వాసన వస్తుందని పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. కొంతమంది చేతబడి అన్నారు. ఇంకొంతమంది ఆమె నడత గురించి మాట్లాడారు. ఆ మాట విని ఆమె ఆసుపత్రికి పోవడానికే సిగ్గుపడ్డది. చివరకు భద్రాచలం తీసుకుపోతే అక్కడినుంచి వరంగల్ పొమ్మన్నారు, అప్పటికే నడవలేని స్థితి. ఆమె భర్త తప్ప వేరే మగమనిషి ఎరగని మనిషి అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. వైరస్ ఆమె ఇంట్లోకి ఎట్లా వచ్చిందో ఈ పాఠం చదివిన వాళ్ళకు అర్థమవుతుంది. ఆయన్ను కూడా నేను తప్పు పట్టడం లేదు. ఆయనకు కూడా తెలియదు. కాని ఊరంతా మాటలు అన్నది ఆమెనే, ఆయన్ను ఒక్క మాట అనలేదు. ఇది ఆడవాళ్ళ జబ్బు, ఆడవాళ్ళే చూసుకోవాలి అని మగపిల్లలు అనుకున్నంత కాలం ఇట్లాగే అంటారు.

ఇప్పుడు టీకా సంగతి. వడ్లు తూర్పారబట్టేటప్పుడు తాలు గింజలు చూస్తాము కదా. పైకి వడ్ల గింజ లాగానే ఉంటుంది. లోపల బియ్యం ఉండదు. నాటితే మొలకెత్తదు. ఈ టీకాలో ఉన్నది కూడా అట్లాంటిదే. వైరస్ పైపొట్టును మాత్రమే తయారుచేసి సూదిలో పెడతారు. లోపల వైరస్ విత్తనం ఉండదు, కావున దానివల్ల జబ్బు రాదు. మన ఒంట్లో కాపలా కాసే తెల్ల రక్తకణాలు ఆ పొట్టును చూసి దాని రూపం గుర్తు పెట్టుకుంటాయి. అసలు వైరస్ వచ్చిన రోజున లోపలికి రానివ్వవు. అందుకే వైరస్ రాకముందే వేయించుకోవాలి, అనగా చిన్నతనంలోనే. 9 నుండి 14 సంవత్సరాల మధ్య వేస్తే బాగా పనిచేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వచ్చిన వైరస్‌ను ఇది వెళ్ళగొట్టదు. సూది వేసిన చోట నొప్పి, వాపు, కొంచెం జ్వరం రావచ్చు. సూది భయంతో కళ్ళు తిరిగి పడిపోయే వాళ్ళుంటారు కనుక పావుగంట కూర్చోబెట్టాలి. ధనుర్వాతం సూదికి మనలో ఎంతమంది పడ్డారో నర్సమ్మకు బాగా గుర్తు.

మా పిన్ని హైదరాబాదులో ఫిలింనగర్ బస్తీలో ఉంటుంది. సినిమా వాళ్ళ స్టూడియోలు, పెద్ద పెద్ద బంగళాలు గుట్ట మీద, బస్తీ గుట్ట కింద. జూబిలీహిల్స్‌లో ఒక ఇంట్లో ఆమె వంటపని చేస్తుంది. ఎండాకాలం సెలవుల్లో నేను పోయినప్పుడు హీరోలను చూద్దామని రోజూ గేటు దగ్గర నిలబడ్డాను, ఒక్కరూ కనబడలేదు. కాని ఈ టీకా గురించి మొదట విన్నది అక్కడనే. ఆ ఇంటి అమ్మగారు తన కూతురికి, కొడుకుకి, ఇద్దరికీ వేయించింది. మా పిన్ని ఆశ్చర్యపోయి, "గర్భసంచి జబ్బుకు మగపిల్లోడికి ఎందుకమ్మా?" అని అడిగిందంట. "వీడు రేపు ఒకమ్మాయిని చేసుకుంటాడు కదా. పైగా మగవాళ్ళకు కూడా గొంతులో, మలద్వారం దగ్గర, మూత్రం పోసే చోట దీనివల్ల క్యాన్సర్ వస్తుంది" అని ఆమె చెప్పిందంట. పిల్లలకు సూది వేయకముందు భార్యాభర్తలిద్దరూ డాక్టరు దగ్గర కూర్చుని అరగంట ప్రశ్నలు అడిగారంట. ఏ కంపెనీ, ఎన్ని సూదులు, ఏం తేడా వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ. ఆ అరగంటే నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆ పిల్లలకు వేసింది తొమ్మిది రకాలను ఆపే విదేశీ టీకా. ఒక్కో సూది పది వేల రూపాయల పైమాటే. మన దేశంలోనే పూణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సెర్వావ్యాక్ అని ఒక టీకా తయారుచేశారు. 2022 జూలైలో దానికి అనుమతి వచ్చింది, 2023 జనవరిలో విడుదల చేశారు. అది 6, 11, 16, 18 నాలుగు రకాలను ఆపుతుంది. ఆడపిల్లలకు, మగపిల్లలకు ఇద్దరికీ వేయవచ్చు. విడుదలైనప్పుడు బయట ఒక సూది ధర 2,000 రూపాయలు. మా అమ్మ మిర్చి కోతకు పోతే ఎన్ని రోజుల కూలి అవుతుందో మీరే లెక్క వేసుకోండి. కాబట్టి మనలాంటి వాళ్ళకు సర్కారు వేస్తేనే టీకా.

జూబిలీహిల్స్ పక్కనే బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎన్.టి. రామారావు గారి భార్య బసవతారకం గారు క్యాన్సర్‌తో చనిపోతే ఆమె పేరు మీద కట్టాలని ఆయన తలపెట్టారు. 2000 జూన్‌లో అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు ప్రారంభించారు. సినిమా వాళ్ళ ఇంట్లోకి కూడా క్యాన్సర్ వచ్చింది, ఆ బాధలోంచి ఆసుపత్రి వచ్చింది. జూబిలీహిల్స్‌లోనే 1998లో చిరంజీవి గారు రక్తనిధి పెట్టారు. ఒక హీరో అడిగితే వేలమంది అబ్బాయిలు చెయ్యి చాపి రక్తం ఇచ్చారు. అదే చెయ్యి టీకాకు చాపమని ఏ హీరో అయినా మగపిల్లలకు ఒక్క మాట చెప్తే మా అందరి వ్యాసాల కంటే ఎక్కువ పని జరుగుతుందని నా అభిప్రాయం. మన హాస్టల్ అబ్బాయిలు తలకు రంగు ఎవరిని చూసి వేసుకుంటున్నారో వార్డెన్ సారుకు తెలుసు.

ఇక మన దగ్గరికి వద్దాము. ఈ టీకా జూబిలీహిల్స్‌లో మొదలై మెల్లగా అడవికి వస్తుందని మీరనుకోవచ్చు. అది నిజం కాదు. చాలా ముందే మన భద్రాచలం వచ్చింది.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 సంవత్సరాల ఆడపిల్లలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. డబ్బులు బిల్ గేట్స్ గారి ఫౌండేషన్ ఇచ్చింది. టీకా మెర్క్ కంపెనీవారి గార్డాసిల్, ఉచితంగా ఇచ్చారు. గుజరాత్‌లోని వడోదరలో వేరే కంపెనీ టీకాతో ఇలాగే చేశారు. ఒక్కొక్కరికి మూడు సూదులు. మన జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల పిల్లలు, అనగా మనలాంటి వాళ్ళే. అప్పుడు మనం పుట్టలేదు. ఆ అక్కలకు ఇప్పుడు ముప్పై దగ్గర పడుతుంటాయి.

మధ్యలో, 2010 మార్చిలో, టీకా వేసుకున్న వాళ్ళల్లో కొందరు అమ్మాయిలు చనిపోయారని పేపర్లలో వచ్చింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు. మన జిల్లా వాళ్ళు ఐదుగురు. ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపివేశారు. ఈ ఏడుగురి మరణాలకు నీళ్ళలో మునగడం, పురుగుమందు, పాముకాటు, మలేరియా, జ్వరం వంటి కారణాలు చెప్పారు. కేంద్ర ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఇవి టీకా వల్ల జరిగినవిగా కనబడలేదు అని చెప్పింది. మా నాయనమ్మకు ఇవేవీ తెలియవు. ఆమెకు తెలిసింది ఒక్కటే, "ఆ సూది వేస్తే పిల్లలు చచ్చిన్రు." ఆమె అనేది తప్పు అని కొట్టిపారేయడం తేలిక. కాని ఆమెకు ఎవరూ వచ్చి అసలు సంగతి చెప్పలేదు కదా, మరి ఆమె ఏమని నమ్మాలి?

సూదిలో విషం లేకపోయినా తప్పు వేరేచోట జరిగింది. పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో దీని మీద నివేదిక ఇచ్చింది. అందులో మన రాష్ట్రం అంగీకార పత్రాల లెక్క ఉంది. 9,543 పత్రాలు చూస్తే 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. శాతం కడితే నూటికి 29. అంటే నలుగురిలో ఒకరి కంటే ఎక్కువ మంది అమ్మాయిలకు వాళ్ళ అమ్మానాన్న పేరు మీద హాస్టల్ వాళ్ళే సరే అన్నారు. కొత్త టీకాను మనుషుల మీద పరిశీలించేటప్పుడు తల్లిదండ్రులకు చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటేనే చెయ్యాలి అనేది నియమం. ఆ నియమం అడవి పిల్లల దగ్గరకు వచ్చేసరికి వదులైపోయింది. మహిళా సంఘాల వాళ్ళు వచ్చి చూస్తే పిల్లల చేతుల్లో ఉన్న టీకా కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగే రెండో భాషగా నేర్చుకునే కోయ పిల్లకు ఇంగ్లీషు కార్డు! ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులో చూడవచ్చా లేదా అనే ప్రశ్న మీదనే అయిదుగురు జడ్జీలు కూర్చుని 2018 మేలో చూడవచ్చు అని తీర్పు చెప్పారు.

వేలిముద్ర గురించి ఒక మాట. చాలామంది ఆ 1,948 వేలిముద్రలను చూసి "అయ్యో చదువురాని వాళ్ళు" అంటారు. మా అమ్మ కూడా వేలిముద్రే వేస్తుంది. తునికాకు కల్లం దగ్గర, బ్యాంకులో, రేషన్ షాపులో, నన్ను ఈ బడిలో చేర్పించిన కాగితం మీద కూడా. వేలిముద్ర వేసినంత మాత్రాన ఆమెకు ఆలోచన లేదని కాదు. కల్లం దగ్గర కట్టకు యాభై ఆకులా, తక్కువా అని ముందు లెక్క చూసుకొని మరీ వేస్తుంది. ఆ వేలు కాగితం మీద పెట్టకముందు ఆమెకు ఆమె భాషలో ఎవరు ఏం చెప్పారు అన్నదే చూడాలి. సంతకం పెట్టే వాళ్ళ విషయంలో కూడా అంతే. ఇంగ్లీషు కాగితం మీద తెలుగులో సంతకం పెట్టిన నాన్నకు మాత్రం ఏం తెలుసు?

ఇప్పుడు చెప్పబోయేది విచిత్రమైన సంగతి. దాదాపు అదే సమయంలో మన దేశంలో ఇంకొక పరిశోధన జరుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం వాళ్ళది. మూడు సూదులు వేయాలా, రెండు చాలునా అని చూడటానికి 10 నుండి 18 ఏళ్ళ ఆడపిల్లలకు టీకా వేస్తున్నారు. మన ఖమ్మం గొడవ వచ్చాక 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం అన్ని చోట్లా సూదులు ఆపించింది. దాంతో అక్కడ సుమారు 5 వేల మంది అమ్మాయిలకు ఒక్క సూది మాత్రమే పడి ఆగిపోయింది. ఆ డాక్టర్లు వాళ్ళను వదలకుండా పదేళ్ళు గమనించారు. ఒక్క సూది పడిన వాళ్ళల్లో కూడా 16, 18 రకాలు ఒంట్లో పాతుకుపోకుండా నూటికి 95 పాళ్ళు ఆగాయి. మూడు సూదులు వేసుకున్న వాళ్ళతో దాదాపు సమానం. 2021లో ఈ ఫలితాలు వచ్చాయి. ఇలాంటివే ఆఫ్రికాలో, ఇతర దేశాల్లో చేసిన పరిశోధనలు కూడా చూసి, 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుండి 20 ఏళ్ళ వాళ్ళకు ఒక్క సూది కూడా చాలు అని చెప్పింది. ఇప్పుడు బీద దేశాలు మూడు సూదుల డబ్బుతో ముగ్గురు పిల్లలకు వేయగలుగుతున్నాయి. మన జిల్లా కన్నీళ్ళ తరువాత వచ్చిన ఈ లాభంలో మన వాటా మనకు రావాలి.

ఇక మగపిల్లల ప్రశ్న. ఆస్ట్రేలియా దేశం 2007లో ఆడపిల్లలకు బడుల్లో టీకా మొదలుపెట్టింది. కొన్నేళ్ళకు టీకా వేసుకోని యువకుల్లో కూడా పులిపిర్లు తగ్గిపోయాయి. ఆడపిల్లల దగ్గర వైరస్ ఆగిపోతే మగవాళ్ళకు పాకడం తగ్గింది అన్నమాట. అయినా 2013 నుండి మగపిల్లలకు కూడా వేస్తున్నారు. ఇంగ్లండు వాళ్ళు ఆడపిల్లలకు 2008లో, మగపిల్లలకు 2019లో మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ముందు ఆడపిల్లలు అంటుంది. 2030 నాటికి ప్రతి దేశంలో 15 ఏళ్ళలోపు ఆడపిల్లలు నూటికి 90 మంది టీకా వేసుకోవాలి అని లక్ష్యం పెట్టింది. మన దేశంలో 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆర్థికమంత్రి గారు చెప్పింది కూడా 9 నుండి 14 ఏళ్ళ బాలికల గురించే. సిక్కిం రాష్ట్రం 2018లోనే బడుల్లో బాలికలకు వేసింది, నూటికి 95 మందికి పైగా వేయించుకున్నారు. తల్లిదండ్రులకు, టీచర్లకు ముందుగా బాగా చెప్పినందువల్ల అట్లా జరిగింది.

నా అభిప్రాయం ఏమంటే, టీకాలు తక్కువగా ఉన్నప్పుడు ముందు ఆడపిల్లలకే వేయాలి. చనిపోయేది ఎక్కువగా వాళ్ళే. మన దగ్గర మగవాళ్ళ నోటి క్యాన్సర్‌కు గుట్కా, ఖైనీ, చుట్టలే పెద్ద కారణం, దానికి టీకా లేదు, మానడమే. కాని టీకాలు సరిపడా వచ్చిన రోజున మగపిల్లలను వదిలేయకూడదు. ఆడపిల్లల్లో పది మందికి తొమ్మిది మంది వేయించుకున్న చోట మగపిల్లలు వాళ్ళ చాటున బతికిపోతారు. మన ఏజెన్సీలో భయం వల్ల సగం మంది కూడా వేయించుకోకపోతే? అప్పుడు మగపిల్లలకు కూడా వేస్తేనే వైరస్ ఆగుతుంది. అంతదాకా సూది లేకపోయినా పాఠం అయితే ఇద్దరికీ కలిపి చెప్పవచ్చు. పాఠానికి రెండు వేల రూపాయలు ఖర్చు కాదు. ఆడపిల్లలను పక్క గదిలోకి పిలిచి మెల్లగా చెప్పి పంపించే పద్ధతి నాకు నచ్చదు. మా ఊరి పెద్దమ్మను మాటలు అన్నవాళ్ళల్లో ఆ పక్క గదిలోకి ఎప్పుడూ రానివాళ్ళే ఎక్కువ.

వార్డెన్ మేడమ్ గారికి, సారు గారికి ఒక మనవి. మాకు జ్వరం వస్తే రాత్రి మోటారు సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకుపోయేది మీరే. ఔట్‌పాస్ మీద, మెస్ రిజిస్టరు మీద మీ సంతకమే మాకు భరోసా. కాని ఈ టీకా మన బడికి వచ్చిన రోజున మా అమ్మానాన్నల గీత మీద దయచేసి మీరు సంతకం పెట్టవద్దు. వాళ్ళు దూరంగా ఉంటారు, ఫోన్ కలవదు, మిర్చి కోతల్లో తునికాకు అడవిలో ఉంటారు, నిజమే. అందుకే తేదీ ముందుగా చెప్పండి. తల్లిదండ్రులు మమ్మల్ని చూడవచ్చే ఆదివారం రోజున నర్సమ్మను పిలిపించి, కోయలో చెప్పగలిగిన మన ఆయా గారిని పక్కన నిలబెట్టి చెప్పించండి. 2010లో ఏం జరిగిందో కూడా దాచకుండా చెప్పించండి. దాస్తే మా నాయనమ్మ లాంటి వాళ్ళు ఇంకా ఎక్కువ భయపడతారు. వద్దు అన్న అమ్మ బిడ్డకు ఆ రోజు సూది వేయవద్దు, ఆమెను తిట్టవద్దు, మరుసటి నెల మళ్ళీ అడగండి. కార్డు తెలుగులో ఇవ్వండి.

అమ్మల గురించి కూడా ఒక సంగతి మరిచిపోకూడదు. వాళ్ళ వయసుకు ఈ టీకా అంతగా పనిచేయదు. వాళ్ళకు కావలసింది పరీక్ష. ముప్పై దాటిన ఆడవాళ్ళకు గర్భసంచి మూతి మీద వెనిగర్ కలిపిన నీళ్ళు పూసి చూస్తారు. క్యాన్సర్‌గా మారబోయే చోటు ఉంటే నిమిషంలో తెల్లగా కనిపిస్తుంది. అప్పటికి నొప్పి కూడా ఉండదు కనుక అక్కడికక్కడే చిన్న వైద్యంతో తీసివేయవచ్చు. మనం టీకా వేయించుకున్నా కూడా ఆ వయసు వచ్చినప్పుడు మనం కూడా చేయించుకోవాలి, ఎందుకంటే టీకా అన్ని రకాలనూ ఆపదు. నెలసరి ఆగిన తరువాత రక్తం కనబడినా, కలయిక తరువాత రక్తం కనబడినా, దుర్వాసనతో తెల్లబట్ట ఆగకుండా పోతున్నా ఆసుపత్రికి పోవాలని సెలవులకు ఇంటికి పోయినప్పుడు చెప్పండి. అమ్మకు చెప్పడానికి సిగ్గయితే ముందు పెద్దమ్మకో, అత్తకో చెప్పండి, వాళ్ళే చెప్తారు.

ఈ వ్యాసం కింద ఒక తెల్లకాగితం అతికించి, దారంతో పెన్సిలు కట్టాను. అడగాలనుకున్నవి రాయండి. పేరు, తరగతి రాయనక్కరలేదు. శనివారం ఆ కాగితం నర్సమ్మకు ఇస్తాను, జవాబులు వచ్చే నెల ఇదే చోట రాస్తాను. రోడ్డు అవతలి అబ్బాయిల హాస్టల్ గోడకు కూడా ఇంకో కాగితం అతికించమని వార్డెన్ సారును అడిగాను, సరే అన్నారు. పెన్సిలు మాత్రం తీసుకుపోవద్దు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని, బాలికల హాస్టల్